చేతులున్నాయా అన్నా?

పెద్ద అద్దం ఎత్తే ముందు మా బావా, ఆయన జోడీ ఒకరినొకరు ఒకే ప్రశ్న అడుగుతారు.

"చేతులున్నాయా అన్నా?"

"ఉన్నాయి. నీకో?"

"ఉన్నాయి."

రెండు జవాబులూ వచ్చాకే అద్దం నేల విడుస్తుంది. దారిన పోయేవాళ్ళు వింటే నవ్వుకుంటారు, ఎదురుగా కనబడుతున్న చేతుల గురించి అడగడమేమిటని. కానీ ఆ ప్రశ్నలో చాలా ఉంది. వేళ్ళు తిమ్మిరెక్కలేదు కదా, నడుము పట్టెయ్యలేదు కదా, ఇంట్లో గొడవపడి బుర్ర అక్కడే వదిలేసి రాలేదు కదా, మనిషిని మించిన ఎత్తున్న గాజు పలకకు ఈ చివర నిన్ను నమ్ముకుని నేను నిలబడొచ్చు కదా అని. దీనికి తోడు ఇంకో కట్టుబాటు ఉంది. జారిపోతున్న అద్దాన్ని ఆపాలని చూడకూడదు. ఎవరి పట్టు తప్పితే వాళ్ళు "వదులు!" అని అరవాలి. ఆ కేక చెవిన పడగానే రెండోవాడు ఆలోచించకుండా చేతులు తీసేసి వెనక్కి గెంతాలి. ఒకడి చెయ్యి వదిలేసి, ఇంకొకడి చెయ్యి ఇంకా పట్టుకునే ఉన్నప్పుడే గాజు మనిషిని కోస్తుంది.

బావ జోడీని అందరూ నత్త అంటారు. అద్దం చేతిలో ఉంటే నత్తలా నడుస్తాడు కాబట్టి. మామూలు మనిషికి అది తిట్టు, ఆ పనిలో బిరుదు. బావకన్నా పదేళ్ళు చిన్నవాడు, సన్నగా, ఎప్పుడూ నోట్లో ఏదో ఒకటి నములుతూ ఉంటాడు. వాళ్ళు పనిచేసే అద్దాల దుకాణానికే నేను వ్యాను నడుపుతాను. అద్దం మోయడం నాకు రాదు. మొదట్లో ఒకసారి పట్టించి చూసి, "నీ కాళ్ళొక పుస్తకం, చేతులింకో పుస్తకం చదువుతున్నాయిరా పండితుడా" అని బావ నన్ను మళ్ళీ స్టీరింగు వెనక కూర్చోబెట్టాడు. నేనుండేది అక్కావాళ్ళ ఇంట్లోనే, వెనక గదిలో. కాబట్టి నేను చెప్పేది వ్యాను కిటికీలోంచి చూసినదీ, వంటగది గుమ్మంలో నిలబడి విన్నదీ.

బావకు చక్కెర జబ్బు వచ్చి ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళయింది. దాన్ని ఆయన ఇంటికొచ్చి తిష్టవేసిన దూరపు చుట్టంలా చూసేవాడు. పలకరించడు, పొమ్మనడు. పొద్దున ఒక బిళ్ళ, సాయంత్రం ఒక బిళ్ళ మింగేసి పనికి వెళ్ళిపోయేవాడు. మొన్నటి చలికాలం చివర్లో డాక్టరమ్మ ఇంకో బిళ్ళ కలిపింది. గొడవంతా అక్కడ మొదలైంది.

ఆ రోజు ఆస్పత్రి నుంచి వస్తూ వ్యానులోనే బావ లంకించుకున్నాడు.

"మీ కొవ్వు లెక్క మరీ ఎక్కువేం లేదండీ అంటుంది. ఆ నోటితోనే కొవ్వు తగ్గే బిళ్ళ రాస్తుంది. ఇదేం విడ్డూరం? పగలని అద్దానికి మార్పు అద్దం వేస్తారా ఎవరైనా?"

అక్క వెనక సీట్లోంచి ముందుకు వంగింది. "ఆవిడ చెప్పింది సగమే విన్నారు మీరు. కొవ్వు ఎక్కువని కాదు, షుగరుందని. నలభై దాటి షుగరున్న మనిషికి గుండె నాళాలు పాడయ్యే అవకాశం మామూలు వాళ్ళకన్నా ఎక్కువ, ఈ బిళ్ళ వేసుకుంటే ఆ అపాయం తగ్గుతుంది అంది."

"నాకు తప్పుతుందా అనడిగాను. ఏమందో అది కూడా చెప్పు మీ తమ్ముడికి."

అక్క సీట్లో వెనక్కి వాలింది. బావే చెప్పాడు.

"మీలాంటి వాళ్ళు చాలామంది ఏళ్ళ తరబడి వేసుకుంటే, వాళ్ళలో కొందరికి రావలసిన గుండెపోటు రాకుండా పోతుందిట. ఆ కొందరిలో నేనున్నానో లేనో ఆవిడకి తెలీదుట. మరి మిగతావాళ్ళు ఊరికే మింగినట్టేనా అంటే, అవునండీ అంది. ఎవరు ఊరికే మింగారో ఎప్పటికైనా తెలుస్తుందా అంటే, తెలీదండీ అంది."

"నిజం చెప్పింది కదా బావా" అన్నాను.

"నిజమే. మందు రాసేటప్పుడు అంత నిజం ఎవరు చెప్పమన్నారు?"

నాకు ఆ డాక్టరంటే ఆ క్షణాన గౌరవం కలిగింది, కోపమూ వచ్చింది. బయట వసారాలో బెంచీల నిండా జనం. లోపల ఒక్కో మనిషికి దొరికేది నాలుగు ముక్కల మాట. గుండెకూ బతుకుకూ సంబంధించిన ఇంత పెద్ద బేరాన్ని, ఇంత చిన్న గదిలో, చొక్కా గుండీలు పెట్టుకుంటూ కుదుర్చుకోవాలి.

అక్క పట్టుకు ఒక కారణం ఉంది. బావ అన్నయ్య బస్సు డ్రైవరు. ఆయనకూ చక్కెర జబ్బే. ఒక మధ్యాహ్నం కడుపులో ఏదోలా ఉందన్నాడు, చెమట పట్టింది. గుండెలో నొప్పి లేదు. బస్సును పద్ధతిగా పక్కకు తీశాడు, బ్రేకు వేశాడు, తలుపులు తెరిచాడు. జనం దిగిపోయాక చూస్తే ఆయన సీట్లోంచి లేవలేదు. చక్కెర జబ్బు వాళ్ళకు గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండానే వస్తుందని అప్పుడు చెప్పారు మాకు. ఆయనకూ ఇలాంటి బిళ్ళ ఎవరైనా ఇచ్చారో లేదో, ఇస్తే వేసుకున్నాడో లేదో తెలియదు. కానీ మా అక్క మనసులో ఆ బస్సు ఇంకా ఆగే ఉంది, తలుపులు తెరుచుకుని.

ఇంటికొచ్చాక బావ మందు పెట్టెలోంచి మడతల కాగితం తీసి నా ముందు పడేశాడు. "నువ్వు చదువుతావుగా అన్నీ. ఇది చదువు."

చీమ తలకాయలంత అక్షరాలు. చదివాను. ఎక్కువమందికి ఏమీ కాదు. కొందరికి కండరాల నొప్పులు రావచ్చు. అరుదుగా కండరాలు దెబ్బతినవచ్చు. రక్తంలో చక్కెర కొద్దిగా పెరగవచ్చు. ఆ మాట దగ్గర బావ చెయ్యెత్తి ఆపాడు.

"ఆగాగు. షుగరుందని ఇచ్చిన బిళ్ళ షుగరు పెంచుతుందా?"

"కొద్దిగా బావా. కొందరికి."

"ఇంకోటేదో అన్నావు. కండరాలా?"

అంతే. ఆ కాగితంలో ఉన్న మాటలన్నిట్లో ఆయన వెంట పనిలోకి నడిచొచ్చింది ఆ ఒక్కటే. అలాంటి కాగితాలు ప్రపంచంలో ఉన్న చెడునంతా చెబుతాయి, ఎవరికి ఎంత అన్నది మాత్రం చెప్పవు.

అక్క మాట తీసెయ్యలేక బిళ్ళ మొదలుపెట్టాడు. కొన్ని వారాలు ఏమీ లేదు. తర్వాత మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం చూశాను. తొడలు బరువుగా ఉన్నాయన్నాడు. ఆపైన ఎడమ భుజం. వ్యానులో సీటు బెల్టు లాక్కోవడానికి కుడి చేతిని అడ్డంగా తెచ్చేవాడు. నేను చూస్తే, "రోడ్డు చూసి నడుపు" అనేవాడు.

"డాక్టరుకు చెప్పు బావా."

"ఏమని? నీ బిళ్ళ నా చేతులు తింటోందనా? మానెయ్ అంటుంది. మానేస్తే మీ అక్క నన్ను తింటుంది."

నవ్వేశాడు కానీ అందులో నవ్వు లేదు. అద్దాల పనివాడికి చేతులంటే రెండు చేతులు మాత్రమే కాదు. అటు చివర ఉన్నవాడు తన ప్రాణాన్ని వాటి మీద పెడతాడు. వాటిని నత్త నమ్మడం మానేస్తే బావకు మిగిలేది బాత్రూము అద్దాలు కోసుకోవడం. ఆ సంగతి ఆయన ఎప్పుడూ పైకి అనలేదు, అనక్కర్లేకపోయింది. ఇటు చేతులు, అటు గుండె. గుండె ఎప్పుడు ఆగుతుందో తెలియదు, అసలు ఆగుతుందో లేదో కూడా తెలియదు. చెయ్యి మాత్రం ప్రతి ఉదయం లేచి, ఇవాళ ఇంతే అని చెబుతోంది. మనిషి ఏ మాట వింటాడు?

అయినా ప్రతి ఉదయం నత్త అడిగినప్పుడు "ఉన్నాయి" అనే అన్నాడు.

ఆ రోజు చెప్పుల దుకాణం ముందు అద్దం మార్చాలి. వీధి వైపు నిలువెత్తు పలక. పేవ్‌మెంటు మీంచి రెండు మెట్లు ఎక్కి, కొంచెం వంచి, చట్రంలోకి దించాలి. నేను వ్యాను వెనక్కి పెట్టి, అద్దాన్ని పట్టి ఉంచే పట్టీలు విప్పి పక్కకు తప్పుకున్నాను. దుకాణం లోపల అమ్మకపు పిల్ల చెప్పుల పెట్టెలు దూరంగా జరుపుతోంది.

"చేతులున్నాయా అన్నా?"

"ఉన్నాయిరా. నీకో?"

"నాకు ఒకటి ఎక్కువే ఉంది" అన్నాడు నత్త. అది రోజూ వేసే జోకు.

మొదటి మెట్టు బాగానే ఎక్కారు. రెండో మెట్టు మీద అద్దాన్ని వంచడానికి బావ ఎడమ చెయ్యి భుజం పైకి ఎత్తాలి. సగం దాకా లేచింది, అక్కడ ఆగిపోయింది. ఎవరో లోపలి నుంచి గడియ పెట్టినట్టు ఆగిపోయింది. నేను ఆయన మొహం చూస్తున్నాను. నోరు తెరుచుకుంది. ఆ నోట్లోంచి రావలసిన మాట రాలేదు.

ఎంతసేపు? ఊపిరి పీల్చి వదిలేంత సేపు. ఆ కాస్తలో ఆయన భుజంతో బేరమాడుతున్నాడు, ఇంకొంచెం, ఒక్క బెత్తెడు అని. అద్దం ఒక మూల మెట్టుకు తగిలింది. ఆ మూల నుంచి గీత ఒకటి పైకి పాకింది. అటు చివర నత్త ఇంకా పట్టుకునే ఉన్నాడు, అతనికి ఎవరూ చెప్పలేదు మరి.

నత్త చెయ్యి గ్లవుజు పైన, మోచేతికి కింద, పొడుగ్గా తెగింది. వ్యానులో ఆస్పత్రికి తీసుకెళ్తుంటే బావ తన చొక్కా విప్పి ఆ చేతికి చుట్టి, రెండు చేతుల్తో గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. నత్త మొహం పాలిపోయి ఉంది. "ఇప్పుడు మాత్రం బాగానే పట్టుకున్నావన్నా" అన్నాడు. నవ్వించడానికే అన్నాడేమో. బావ కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు.

నరాలు తెగలేదు. కుట్లు పడ్డాయి. మెట్టు తడిగా ఉంది, కాలు జారింది అని బావ మా దుకాణంలో చెప్పాడు. నేను నోరు మెదపలేదు. నత్త కూడా అవునన్నాడు.

ఆ సాయంత్రం నుంచే బావ బిళ్ళ మానేశాడని మాకు చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు. భోజనం కాగానే అక్క స్వయంగా బిళ్ళ చేతిలో పెట్టేది, ఆయన నోట్లో వేసుకుని నీళ్ళు తాగేవాడు. అందులో అనుమానించడానికి ఏముంది? పైగా ఆ వారంలోనే ఇంట్లో ఒక వింత జరిగింది. మా వంటగది కిటికీ అద్దం ఎన్నో ఏళ్ళుగా బీటలు వారి, కాగితం పట్టీ అంటించుకుని బతుకుతోంది. ఊరందరి కిటికీలూ బాగుచేసే మనిషి ఇంట్లో కిటికీ అలాగే ఉంటుందని అక్క ఎన్నిసార్లో దెప్పింది. ఇప్పుడు ఆయన అడక్కుండానే కొత్త అద్దం తెచ్చాడు. పాత చెక్క చట్రం గీకి, అద్దం నిలబెట్టి, చుట్టూ అంచున తెల్లటి పుట్టీ మెత్తాడు. పాత రకం నూనె పుట్టీ. బొటనవేలితో నొక్కి కత్తితో నునుపు చేయాలి. ఆరి గట్టిపడడానికి వారాలు పడుతుంది. రోజూ భోజనం కాగానే ఆ కిటికీ దగ్గరికి వెళ్ళి, బొటనవేలితో ఇక్కడా అక్కడా సర్దుతూ నిలబడేవాడు.

"మీ బావకు ఇన్నాళ్ళకు ఇల్లు గుర్తొచ్చింది" అని అక్క మురిసిపోయింది. నత్త చెయ్యి తెగిన దిగులు ఇలా తీర్చుకుంటున్నాడని నేననుకున్నాను.

ఒక ఆదివారం అక్క తడిగుడ్డతో కిటికీ తుడుస్తూ, పుట్టీ ఆరిందో లేదో చూద్దామని వేలు పెట్టి నొక్కింది. ఏదో గట్టిగా తగిలింది. గోటితో గీకింది. తెల్లటి బిళ్ళ. పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. కింది అంచు పొడుగునా, వరుసగా.

అక్క కేక పెట్టలేదు. అదే నన్ను భయపెట్టింది. గీకిన బిళ్ళలు ఒక సాసరులో వేసి బల్ల మీద, ఆయన ఎదురుగా పెట్టింది. వాటికి అంటుకున్న పుట్టీ మీద బొటనవేలి ముద్రలున్నాయి.

"ఇవేంటండీ?"

బావ సాసరు వంక చూశాడు. తల గోక్కున్నాడు. "బుగ్గన పెట్టుకుని..."

"ఎలా చేశారని అడగలేదు."

"నత్తగాడి చెయ్యి తెగింది."

"తెగితే?"

"నావల్ల తెగింది. ఈ బిళ్ళ వల్ల. నా భుజం లేవలేదు."

"అయితే ఆ మాట నాకు చెప్పాలి, డాక్టరుకి చెప్పాలి. కిటికీకి చెబితే ఏం లాభం? కిటికీకి గుండెపోటు రాకుండా చూస్తున్నారా?"

నాకు నవ్వొచ్చింది. అక్క నా వైపు చూసిన చూపుకు ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

"పారెయ్యచ్చుగా బావా" అన్నాను. "పుట్టీలో ఎందుకు?"

బావ సాసరులో ఒక బిళ్ళను వేలితో పక్కకు జరిపాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "పారేద్దామంటే చెయ్యి రాలేదురా. మంచి మందంటున్నారు. ఎప్పుడైనా... ఏమో."

అక్క కుర్చీలో కూర్చుండిపోయింది. "మీ అన్నయ్య బస్సు పక్కకు తీశాడు. జనం బతికారు. మీరు ఎవర్ని బతికిద్దామని ఇలా..." అని ఆగిపోయింది.

"అన్నయ్యకి చివరిదాకా చేతులు బాగానే ఉన్నాయి" అన్నాడు బావ. తర్వాత ఆ మాట అన్నందుకు తనే భయపడ్డట్టు లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాడు.

"సరే, మానేశారుగా" అంది అక్క, ఆయన వచ్చాక. "ఇన్ని వారాలు మానేశారు. భుజం తగ్గిందా?"

బావ తువ్వాలులో మొహం దాచుకుని అలాగే నిలబడ్డాడు. తొడలు తేలికయ్యాయి అన్నాడు. మెట్లు హాయిగా దిగుతున్నానన్నాడు.

"భుజం?"

బావ తువ్వాలును కుడి చేత్తో దండెం మీదకి విసిరాడు.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మ వయసులో నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దదేమో. కళ్ళ కింద నల్లగా, నిద్ర లేని మనిషిలా ఉంది. అక్క పొట్లం కట్టి తెచ్చిన పుట్టీ బిళ్ళలు ఆమె బల్ల మీద విప్పి, కిటికీ సంగతీ, బావ అన్నయ్య సంగతీ చెప్పింది. డాక్టరు వాటిని చూసి నవ్వలేదు, కోప్పడలేదు. "చాలామంది మానేస్తారు. ఇంత జాగ్రత్తగా దాచిపెట్టినవాళ్ళని మాత్రం ఇప్పుడే చూస్తున్నా" అని లేచి బావ వెనక నిలబడింది.

"ఎడమ చెయ్యి పైకెత్తండి."

సగం లేచి ఆగింది.

"వదులుగా పెట్టండి, నేనెత్తుతా." ఆమె ఎత్తింది. అప్పుడూ అక్కడే ఆగింది. మోచెయ్యి వంచి పట్టుకుని చేతిని బయటికి తిప్పబోయింది. బావ పళ్ళు బిగబట్టాడు.

"ఇది ఎప్పట్నుంచి?"

"బిళ్ళ మొదలెట్టాకే" అన్నాడు బావ.

"కాదు" అంది అక్క. గుర్తు చేసుకుంటూ, తనలో తను చెప్పుకుంటున్నట్టు అంది. "కాదండీ. చలికాలంలో నేను మీకు కోటు ఎడమ చెయ్యి తొడిగేదాన్ని. పొద్దున్నే మీకు బద్ధకమని తిట్టేదాన్ని కూడా. అప్పటికి ఈ బిళ్ళ లేదు."

డాక్టరు తన కుర్చీలో కూర్చుంది.

"మందు వల్ల కండరం నొప్పి పెడితే సాధారణంగా రెండు వైపులా ఉంటుంది, మీ తొడల్లాగ. పైగా అది కండరం నొప్పి అయితే, మనకు లేవని చెయ్యి కూడా ఇంకొకరు ఎత్తితే లేస్తుంది. మీ చెయ్యి నేనెత్తినా లేవట్లేదు. అంటే కీలే బిగుసుకుపోయింది. షుగరున్న వాళ్ళకి ఇది తరచుగా వస్తుంది. తొడల నొప్పి బిళ్ళ వల్ల కావచ్చు, మానేశాక తగ్గింది కాబట్టి. నొప్పి వస్తుందని ఎదురుచూస్తూ ఉంటే కూడా నొప్పి వస్తుంది, అలాగని అది దొంగ నొప్పి కాదు. కానీ ఈ భుజం మాత్రం బిళ్ళ పని కాదండీ. షుగరు పని."

బావ మొహంలో అప్పుడు కనిపించినది ఊరట అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. బిళ్ళ దోషి అయితే ఆయనకు బాగుండేది. బిళ్ళను మానెయ్యచ్చు. మానేస్తే చెయ్యి తిరిగొస్తుందని ఎదురుచూడచ్చు. ఇన్ని వారాలూ ఆయన కిటికీ దగ్గర నిలబడి పెంచుకున్నది ఆ ఆశనే. ఇప్పుడు డాక్టరు బిళ్ళను నిర్దోషి అని తేల్చి, ఆ ఆశను తీసేసింది.

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"నెలల్లో అవదు. ఏడాది అనుకోండి, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. వ్యాయామాలు చూపిస్తారు, అవసరమైతే కీలులో సూది వేస్తారు. షుగరు అదుపులో పెట్టాలి."

"అద్దాలు మోయచ్చా?"

"చెయ్యి తల పైకి లేవకుండా అద్దం మోయచ్చో లేదో నాకన్నా మీకే తెలియాలి."

నేను ఉండబట్టలేకపోయాను. "ఈ బిళ్ళ రాసిన రోజు ఆయన ఏం పని చేస్తారో అడిగారా మీరు?"

"అడగలేదు" అంది, తడుముకోకుండా. "అడగాల్సింది. నొప్పి వస్తే చెప్పమన్నాను, ఆయన చెప్పలేదు. చెప్పాల్సింది." నా దగ్గర ఇంకా చాలా మాటలున్నాయి, కూడబెట్టుకున్నవి. వాటిలో ఒక్కటీ ఈ ఆడమనిషి మీద విసరడానికి పనికి రాలేదు. బయట బెంచీల మీద దగ్గులు వినబడుతున్నాయి.

"మరి ఆ బిళ్ళ షుగరు పెంచుతుందట కదా?" అన్నాడు బావ, చివరి వాయిదా అడుగుతున్నవాడిలా.

"కొద్దిగా పెంచొచ్చు. మీ షుగరు బిళ్ళను దానికి తగ్గట్టు సర్దగలను. గుండెకి నష్టం జరిగాక సర్దలేను. మీ వయసు, ఇన్నేళ్ళ షుగరు, మీ అన్నయ్య సంగతి, అన్నీ కలిపి చూస్తే వేసుకోవడం వైపే ముల్లు మొగ్గుతుంది. ముందు రక్తం పరీక్ష చేసి కండరాలు ఎలా ఉన్నాయో చూద్దాం. బాగుంటే ఇదే జాతిలో ఇంకో రకం, చిన్న మోతాదులో మొదలుపెడదాం. తొడలు మళ్ళీ పట్టేస్తే నాకు చెప్పండి, ఇంకో దారి చూస్తాను. మూత్రం నల్లబడితే మాత్రం ఆగకుండా రండి. కిటికీకి చెప్పకండి."

పరీక్ష బాగానే వచ్చింది. కొత్త బిళ్ళ వచ్చింది. భోజనం కాగానే మింగి, అక్క ఎదుట నోరు తెరిచి నాలుక పైకెత్తి చూపించేవాడు.

"నమ్మవా?"

"నమ్మను. బుగ్గ చూపించండి."

తర్వాత కుర్చీలో కూర్చుని, మాకు కనబడకుండా బొటనవేలితో తొడ నొక్కి చూసుకునేవాడు. పుట్టీ నొక్కిన వేలే. నొప్పి ఉందో, ఉందనుకుంటున్నాడో, బిళ్ళ గుండెను కాస్తోందో, ఊరికే మింగుతున్నాడో. ఆయన మొహంలో ఈ ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పోవడం నాకు కనిపించేది. ఆ చివరిదానికి జవాబు ఆయన చచ్చిపోయినా తెలియదు, బతికినా తెలియదు. ఏ పుస్తకంలోనూ నాకు అంతకన్నా ఓర్వలేని వాక్యం తగల్లేదు.

నత్త చేతికి పట్టు తిరిగొచ్చేదాకా బావ దుకాణంలోనే చిన్న పనులు చేశాడు. నత్త పనిలోకి వచ్చిన రోజున ఒక పాత మేడ మెట్లదారిలో పెద్ద కిటికీ మార్చాలి. వ్యాను వెనక తలుపు తీశాను. ఇద్దరూ చెరో పక్క నిలబడ్డారు. నత్త మోచేతి కింద ఎర్రటి గీత చొక్కా మడత దాటి కనబడుతోంది.

"చేతులున్నాయా అన్నా?"

బావ గ్లవుజులు తొడుక్కున్న చేతుల వంక చూసుకున్నాడు. పట్టీ విప్పబోయిన నేను అలాగే ఆగిపోయాను.

"లేవురా" అన్నాడు.

నత్త నమలడం ఆపాడు.

"కుడిది ఉంది. ఎడమది లేదు. ఏడాది దాకా రాదుట. ఆ రోజూ లేదు."

"తెలుసు" అన్నాడు నత్త. అద్దం మీద చెయ్యి తీసి, కొంచెం సేపు ఎటో చూశాడు. "మెట్టు తడిగా లేదన్నా. లేవని చెయ్యి గురించి నువ్వు చెప్పకపోయినా నాకంత బాధ లేదు. 'వదులు' అనలేదు చూడు, అదీ బాధ. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ నీ వైపు చూసి అద్దం మొయ్యలేదు. విని మోశాను."

బావ గ్లవుజులు విప్పి నత్తకు ఇవ్వబోయాడు. నత్త తీసుకోలేదు, వ్యాను బానెట్ మీద పెట్టమన్నట్టు గడ్డంతో చూపించాడు. దుకాణానికి ఫోను చేస్తే ఇంకో జట్టులోంచి ఒక పొడుగాటి మనిషిని పంపారు. బలంగా ఉన్నాడు, ఈల వేసుకుంటూ వచ్చాడు. బావ విప్పిన గ్లవుజులే అతను తొడుక్కున్నాడు, అవి అతనికి బిగుతయ్యాయి. వచ్చీ రాగానే అద్దం అంచున చేతులు వేశాడు.

బావ గుమ్మం పక్కన, తలుపును కుడి భుజంతో తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. ఎడమ చెయ్యి పక్కన వేలాడుతోంది, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు.

"చేతులున్నాయా?" అనడిగాడు ఆ పొడుగాయన్ని.

అతను తన చేతులు చూసుకుని, మా ముగ్గురినీ చూసి, పకాలున నవ్వాడు.

"నవ్వకు" అన్నాడు బావ. "నిజం చెప్పు."